అత్త వేసిన వేలిముద్ర

దయ్యమంటే నేను ఏనాడూ భయపడలేదు. భయపడాలంటే ముందు నమ్మాలి కదా, ఆ నమ్మకమే నాకు లేదు. చిన్నప్పుడు మా ఊళ్లో ఎవరికో గాలి సోకిందని వేపమండలు పట్టుకుని తిరుగుతుంటే, జ్వరానికి మాత్ర వేయించండని చెప్పి మా నాయన చేత దెబ్బలు తిన్న పిల్లను నేను.

జైల్లో కూడా అంతే. మా బ్యారక్ చివర స్నానాల గదిలో గజ్జెల చప్పుడు వినిపిస్తోందని ఒక వానాకాలమంతా గోల చేశారు. సాయంత్రం తాళాలు వేశాక ఆ వైపు పోవాలంటే ఆడవాళ్లందరికీ వణుకు. నేనే లేచి పోయి చూశాను. పగిలిన పైపు నుంచి నీటిబొట్లు రేకు డబ్బా మీద పడుతున్నాయి. డబ్బా తీసి పక్కన పెట్టాను, దయ్యం పోయింది. అందుకు నాకు రెండు బిస్కెట్ ప్యాకెట్లు బహుమానం కూడా దక్కాయి.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను రాయబోయేది చదివి "పాపం, జైల్లో ఉండి ఉండి బుర్ర చెడింది" అని ఎవరూ జాలి పడకూడదు. నా బుర్ర బాగానే ఉంది. జైల్లోనే ఓపెన్ స్కూల్లో ఇంటర్ పాసయ్యాను, కుట్టుపని నేర్చుకున్నాను. చంద్రగిరి చుట్టుపక్కల టీ అంగళ్ల దగ్గర ఈ కథకు తలా ఒక పిడికెడు మసాలా వేసి చెబుతున్నారు. నేను జుట్టు విరబోసుకుని చచ్చిపోయిన అత్తతో మాట్లాడతానట. వాళ్ల నోళ్లు మూయించడం నా వల్ల కాదు. జరిగింది జరిగినట్టు నేనే రాసి పెడితే సరిపోతుందని కూర్చున్నాను.

నా పేరు మునిలక్ష్మి. మొగుణ్ణి చంపినందుకు యావజ్జీవ శిక్ష పడిన మనిషిని. చేశావా లేదా అని అడిగితే నీళ్లు నమలను. చేశాను. పదేళ్లు తన్నులు తిన్నాను, ఒకరోజు తిరగబడి ఒక్క దెబ్బ వేశాను. చేతికి రోకలి అందింది, తగలరాని చోట తగిలింది. అతని పేరు ఇక్కడ రాయను. నాకు ఇష్టం లేదు.

ఆ పొద్దు ఇంట్లో ఉన్నది ముగ్గురం. మూడో మనిషి మా అత్త దొరసానమ్మ. కోర్టులో ఆమే ముఖ్యమైన సాక్షి. బోనెక్కి, "అవును సామీ, మా కోడలే రోకలితో కొట్టింది" అని చెప్పింది. అబద్ధం కాదు. కానీ అంతకు ముందు పదేళ్లు ఆ ఇంట్లో ఏం జరిగిందో ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె తనంతట తాను చెప్పనూ లేదు. నా వైపు ఒక్కసారి కూడా చూడకుండా బోను దిగిపోయింది. ఆ తర్వాత పదకొండేళ్లు ఆమె దగ్గర నుంచి నాకు ఒక ఉత్తరం ముక్క రాలేదు. నేనూ రాయలేదు. నా పొగరు నాకుంది.

ఇక్కడ పెరోల్ గురించి కొంచెం చెప్పాలి. శిక్షలో ఉన్నవాళ్లను కొన్నాళ్లు ఇంటికి పంపిస్తారు. చెప్పిన తేదీకి తిరిగి వచ్చేయాలి. బయటి జనం అదేదో సెలవు అనుకుంటారు. మాకు అది పరీక్ష. బయటికి పోయి, గొడవ లేకుండా ఉండి, టైముకు గేటు దగ్గరికి తిరిగొచ్చిన మనిషి పేరే తర్వాత ముందస్తు విడుదల జాబితాలో నిలబడుతుందని మా అందరి నమ్మకం. పెరోల్ చూడని మనిషి పేరు ఎవరి నోటా రాదు.

అయితే అడిగిన వెంటనే పంపరు. ప్రొబేషన్ ఆఫీసరు మనం రాసిచ్చిన ఇంటికి వెళ్లి విచారించాలి. "ఈ మనిషి వస్తే మీ ఇంట్లో ఉండనిస్తారా?" అని అడుగుతాడు. ఇంటివాళ్లు సరేనని సంతకం పెట్టాలి. మగవాళ్ల కోసమైతే తల్లులు, పెళ్లాలు ఆఫీసుల చుట్టూ తిరిగి మరీ పెడతారు. మొగుణ్ణి చంపిన ఆడదానికి ఎవరు పెడతారు?

మా బ్యారక్‌లో ఒక ముసలామెకు విడుదల కాగితం వచ్చింది, తీసుకుపోయే మనిషి రాలేదు. ఎక్కడో ఒక ఆశ్రమంలో చోటు దొరికేదాకా ఆమె మూట కట్టుకుని గేటు వైపు తిరిగి కూర్చునేది. "ఇల్లు సూసి ఇల్లాలిని సూడమన్నారు, మనకు సూపించేదానికి ఇల్లే లేకపాయ గదమ్మా" అని నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది. శిక్ష వేసినప్పుడు కోర్టు నీకు ఇల్లుందా అని అడగలేదు. వదిలేటప్పుడు మాత్రం అదే మొదటి ప్రశ్న.

నా అర్జీ మూడుసార్లు తిరిగొచ్చింది. మొదటిసారి మా అన్న ఇల్లు రాశాను. నేను అడుగుపెడితే తన పిల్లలకు సంబంధాలు రావని చెప్పాడట. రెండోసారి మా మరిది మునిరత్నం ఇల్లు రాశాను. ఆయన వద్దన్నాడు. అది న్యాయమే, పోయింది ఆయన అన్న. మూడోసారి ఒక ఆశ్రమం పేరు రాస్తే, హత్య కేసుల వాళ్లను తీసుకోం అన్నారు.

నాలుగోసారి నాకు మొండితనం వచ్చింది. ఉండబోయే ఇంటి యజమాని అన్నచోట దొరసానమ్మ, అత్త అని రాశాను. ఆ ఇల్లు ఆమె పేరు మీదే ఉంది. ఒప్పుకుంటుందని కాదు. ఆఫీసరు ముందు నోరు తెరిచి "వద్దు" అననీ, ఆ మాట కాగితం మీద నా చేతికి రానీ అనుకున్నాను. కోర్టులో మొహం తిప్పుకుని పోయింది కదా, ఈసారి తప్పించుకోకూడదు. నిజం చెప్పాలంటే అది అర్జీ కాదు, పోట్లాట.

రెండు నెలలకు జైలరమ్మ పిలిచి, "మునిలక్ష్మీ, ముప్పై రోజులు వచ్చింది. మీ అత్త ఒప్పుకుంది" అని చెప్పింది. నేను నమ్మలేదు. విచారణ రిపోర్టు చూపించమని పట్టుబట్టాను. ఆమె మంచిది, చూపించి నకలు కూడా ఒకటి ఇచ్చింది. "కోడలు వస్తే మా ఇంట్లోనే పెట్టుకుంటాను. నాకు అభ్యంతరం లేదు" అని రాసి ఉంది. కింద నల్లగా వేలిముద్ర, దాని పక్కన అత్త పేరు, తేదీ.

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇన్నేళ్లు ఎక్కడ దాచుకుంది ఈ మాట? ఆ కోపంతోనే రెండు చీరలు సంచిలో పెట్టుకుని బయలుదేరాను.

తిరుపతి బస్టాండులో దిగేసరికి మధ్యాహ్నం అయింది. కొండ మీద నుంచి వచ్చిన గుండ్లు, లడ్డు సంచులు, పిల్లల ఏడుపులు. పదకొండేళ్ల తర్వాత అంతమంది జనాన్ని చూశాను. మరుగుదొడ్డి తలుపు ముందు నిలబడి ఎవరో వచ్చి తీస్తారని ఎదురు చూశాను. వెనకున్న ఆమె "లోపలికి పోతావా లేదా?" అని కసిరితే గానీ తలుపు నేనే తోసుకోవాలని గుర్తు రాలేదు. చంద్రగిరిలో బస్సు దిగి పోలీస్ స్టేషన్‌లో సంతకం పెట్టి, ఆటోలో ఊరు చేరాను.

ఇంటికి తాళం వేసి ఉంది. తిన్నె మీద దుమ్ము. దూలానికి సాలెగూళ్లు.

పక్కింటి చెంగమ్మ చేట పట్టుకుని బయటికి వచ్చింది. నన్ను చూసి కాసేపు పోల్చుకోలేదు. తర్వాత చేట జారవిడిచింది.

"ఎవురూ, మునిలక్ష్మా? నువ్వేనామే?"

"నేనే. అత్త యాడికి పోయింది?"

"మీయత్త యాడుందిమే? పోయి ఎనిమిది నెల్లాయ గదా. నీకు ఎవురూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. బయట మనిషి పోతే ఆ కబురు జైలుకు ఎవరో ఒకరు మోసుకురావాలి. నన్ను చూడటానికి వచ్చేవాళ్లే లేరు. ఊళ్లో ఉన్న మనిషి అయితే ఇలాంటి పొరపాటు చేయదు. నేను చచ్చిపోయిన మనిషిని ఇంటి యజమానిగా రాసిచ్చాను. అంతవరకు నాకు అర్థమైంది.

తిన్నె మీద కూర్చుని సంచిలో నుంచి రిపోర్టు నకలు తీసి తేదీ చూశాను. విచారణ జరిగి నెలా అయిదు రోజులు. మళ్లీ వేళ్ల మీద లెక్కపెట్టాను. అప్పటికి అత్త పోయి దగ్గర దగ్గర ఏడు నెలలు.

ఇంతలో మునిరత్నం వచ్చాడు. ఊరి చివర కొత్త ఇల్లు కట్టుకున్నాడు, ఈ ఇంట్లో ఎరువు బస్తాలు వేసుకుంటాడు. తాళంచెవి ఆయన మొలతాడుకు వేలాడుతోంది. కాగితం లాక్కుని చదివాడు. చదివే కొద్దీ మెడ నరాలు ఉబ్బాయి.

"మాయమ్మ పేరు పెట్టి దొంగ ఏలిముద్ర ఏపించినావా? సచ్చినామెను కూడా వదలవా నువ్వు?"

"నేను జైల్లో ఉండాను మునిరత్నం. యాడి నుంచి ఏపిస్తా?"

"అదంతా స్టేషన్‌లో చెప్పుకో. లెయ్, ఈడి నుంచి లేసి పో."

నేను లేవలేదు. పెరోల్ కాగితంలో ఈ ఇంటి చిరునామానే ఉంది. ఇక్కడ కాకుండా ఇంకెక్కడ ఉన్నా తప్పు నాదవుతుంది. ఇక్కడ ఉందామంటే తాళం. పైగా దొంగ వేలిముద్ర అని తేలితే పెరోల్ రద్దు, కొత్త కేసు. విడుదల మాట ఇక జన్మలో ఎత్తే పని లేదు. ఆ ముసలామెలాగా మూట కట్టుకుని గేటు వైపు తిరిగి కూర్చోవడం కూడా నాకు ఉండదు. ఇదంతా ఆ తిన్నె మీద కూర్చున్న పది నిమిషాల్లో నా తలలో తిరిగింది. అయినా లేవలేదు. చెంగమ్మ సంగటి ముద్ద, ఊరుబిండి పచ్చడి తెచ్చిపెట్టింది. తిన్నాను. ఆ రాత్రి తిన్నె మీదే పడుకున్నాను. ఏమీ కనిపించలేదు, ఏమీ వినిపించలేదు. దోమలు మాత్రం కుట్టాయి.

పొద్దున్నే ఎస్సై జీపు వచ్చింది. అందులో నుంచి ప్రొబేషన్ ఆఫీసరు కూడా దిగాడు. ముప్పై అయిదేళ్లు దాటని మనిషి, కోస్తా వైపు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. ఉద్యోగం పోతుందన్న భయం ఆ మొహంలో స్పష్టంగా కనిపిస్తోంది.

ఆయన చెప్పింది ఇది. విచారణకు వచ్చిన రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలు. మామిడికాయల కోతల కాలం, ఊళ్లో మనుషులు తోటల్లో ఉన్నారు. రోడ్డు మీద టీ అంగడిలో దొరసానమ్మ ఇల్లు ఏదని అడిగితే వేలు పెట్టి చూపించారు. ఇల్లు అడిగాడు కాబట్టి ఇల్లు చూపించారు, మనిషి ఉందా అని ఆయన అడగలేదు. వచ్చి చూస్తే తలుపు తీసే ఉంది. పెద్దామె తిన్నె మీద వక్కాకు నములుతూ కూర్చుని ఉంది. చెంబుతో నీళ్లిచ్చింది. సంగతి చెబితే విని, సరేనంది. రిపోర్టు ఆమెకు చదివి వినిపించి, సిరా ప్యాడ్ తీసి వేలిముద్ర వేయించుకున్నాడు. పోలీసు రిపోర్టు కూడా ఆయన రాసింది చూసే రాశారు.

"నేను ఎదురుగా కూర్చుని మాట్లాడానండి" అన్నాడు. ఎస్సైతో కాదు, మునిరత్నంతో.

ఎస్సై మొదట ఎవరో ముసలామెను కూర్చోబెట్టి నాటకం ఆడించారనుకున్నాడు. ఆ వీధిలో ఉన్న వయసు మళ్లిన ఆడవాళ్లను నలుగురినీ వరసగా నిలబెట్టి వీళ్లలో ఎవరని ఆఫీసరును అడిగాడు. పొట్టిగా బొద్దుగా ఉండే చెంగమ్మకు అంత గొడవలోనూ నవ్వొచ్చింది. "నన్ను సూస్తే దొరసాని మాదిరి ఉండానా సారూ?" అంది. ఆఫీసరు వీళ్లెవరూ కాదన్నాడు. ఆమె పొడుగ్గా ఉంటుంది, నడుం కొంచెం ఎడమ పక్కకు వంగి ఉంటుంది, చెవితమ్మెలు సాగి ఉన్నాయి కానీ కమ్మలు లేవు అన్నాడు. మునిరత్నం ఫోన్ తీసి వాళ్లమ్మ పింఛను కార్డు ఫోటో చూపించాడు. ఆఫీసరు చూసి ఫోన్ వెనక్కి ఇచ్చేశాడు. "ఆవిడే" అన్నాడు.

ఫోటో ఎవరైనా ముందే చూపించి ఉండొచ్చు. నేను కూడా అలాగే అనుకున్నాను. ఆయన అబద్ధం చెబుతున్నాడు, విచారణకు రాకుండా ఆఫీసులో కూర్చుని రాసేశాడు, ఇప్పుడు కప్పిపుచ్చుకుంటున్నాడు అనే అనుకున్నాను. అప్పుడు ఆయన నా వైపు తిరిగాడు.

"మీకు ఎడమ మోకాలు వంగదామ్మా?"

నా చెయ్యి దానంతట అదే మోకాలి మీదికి పోయింది.

"రిపోర్టులో రాయలేదు, అవసరం లేదని. వేలిముద్ర వేశాక ఆవిడ గడప చూపించి చెప్పారు. గడప ఎత్తుగా ఉంది, దానికి ఎడమ మోకాలు వంగదు, వచ్చేలోగా కింద ఒక బండ వేయించాలి అని."

ఆ మోకాలి సంగతి చెప్పాలి. పెళ్లయిన మూడో ఏడు అది. అతను మంచం కోడుతో కొట్టాడు. బావి గట్టు మీద జారిపడ్డానని ఆసుపత్రిలో చెప్పించారు. కేసు కాగితాల్లో కూడా ఎక్కడా లేదు, అప్పటికి అది పాత దెబ్బ. మునిరత్నం ఆ రోజుల్లో బెంగళూరులో పని చేసేవాడు, ఆయనకూ తెలియదు. చదునులో నడిస్తే తేడా కనిపించదు, ఎత్తు ఎక్కేటప్పుడే పట్టేస్తుంది, అందుకే ఆ సంగతి తెలిసింది ముగ్గురికే. నేను, అతను, ఆముదపు ఆకులు వేడి చేసి కట్టు కట్టిన అత్త. కట్టు కడుతూ కూడా ఆమె ఒక్క మాట మాట్లాడలేదు.

ఎస్సై నన్ను పక్కకు పిలిచాడు. "ఏమ్మా, నిజం చెప్పు. నువ్వే ఎవరి చేతనైనా చెప్పించినావా?"

"నన్ను చూసేదానికి ఎవురొచ్చినారో జైల్లో పుస్తకం ఉంటుంది సార్. తెప్పించుకోండి. పదకొండేళ్లలో మూడు సంతకాలు ఉంటాయి. మూడూ లాయరువే" అన్నాను. నా గొంతు గట్టిగానే పలికింది. నలుగురూ వింటున్నారని తెలుసు. విననీ అనుకున్నాను.

మునిరత్నం అప్పటికే ఇంటికి పోయాడు. అబద్ధం నిరూపించే కాగితం తన దగ్గరే ఉందన్నాడు. వాళ్ల నాయన పోయాక పొలం భాగాలు పంచుకున్న పత్రం అది, అందులో వాళ్లమ్మ వేలిముద్ర ఉంది. తెచ్చి జీపు బానెట్ మీద పరిచాడు. పక్కన ఆఫీసరు తెచ్చిన అసలు రిపోర్టు పెట్టారు.

మా అత్త బొటనవేలికి ఒక గాటు ఉండేది. గడ్డి కోస్తుంటే కొడవలి దిగింది, ఆ గుర్తు అలాగే ఉండిపోయింది. భాగాల పత్రంలో ముద్ర మధ్యలో ఆ గాటు ఉన్నచోట తెల్లగా ఒక గీత ఉంది, పై నుంచి ఏటవాలుగా కిందికి. రిపోర్టులో ముద్రకూ అక్కడే, అంతే ఏటవాలుగా ఒక తెల్ల గీత ఉంది.

నేను చూశాను. ఎస్సై చూశాడు. మునిరత్నం వంగి చాలాసేపు చూశాడు. తర్వాత ఆఫీసరును అడిగాడు, "ముద్ర ఏసినాక సిరా యాడ తుడుసుకునింది?"

"గుడ్డ ఇస్తే వద్దన్నారు. తల్లో తుడుచుకున్నారు."

సిరా తలకు తుడుచుకునే ఆడవాళ్లు చాలామంది ఉంటారు. అది రుజువు కాదని నాకు తెలుసు. కానీ ఆ మాట వినగానే మునిరత్నం తిన్నె మీద కూలబడిపోయాడు. అంత మనిషి, మీసాలున్న మనిషి, మోచేతిలో మొహం పెట్టుకుని ఏడ్చాడు.

"సంవత్సరీకానికి ఇంగా నాలుగు నెల్లుండాది. దినామూ దండం పెట్టుకుంటాండా. నాకు కల్లో కూడా రాలేదప్పా మాయమ్మ. దీనికోసం వచ్చిందా? దీనికోసమా?"

నాకు ఆయన మీద మొదటిసారి జాలి వేసింది. అంతకు ముందు లేదు.

ఎస్సైకి ఏదో ఒకటి తేల్చాలి. దయ్యాన్ని కేసు డైరీలో రాయలేడు కదా. "ఇదంతా తర్వాత. నీకు అభ్యంతరం ఉందా లేదా, అది చెప్పు. ఉందంటే ఈమెను ఇప్పుడే వెనక్కి పంపిస్తా" అన్నాడు మునిరత్నంతో.

నేను మునిరత్నం మొహం చూడలేదు. ఆయన మొలతాడుకున్న తాళంచెవినే చూస్తూ నిలబడ్డాను. బతిమాలడం నాకు చేతకాదు. చేతనైనా ఆ రోజు బతిమాలేదాన్ని కాదు.

"మాయమ్మ ఏలిముద్ర ఏసినాక, వద్దనేదానికి నేనెవురు?" అన్నాడు. తాళంచెవి విప్పి తిన్నె మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆఫీసరు పెన్ను తీశాడు. పాత మాటలు కొట్టేసి, ఇంటి యజమానురాలు మరణించినందున కుమారుడిని విచారించాను అని తిరగరాస్తానన్నాడు. కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాను. కింద ఏమైనా రాసుకోండి, ఆమె చెప్పింది మాత్రం కొట్టేయడానికి వీల్లేదన్నాను. నా కోసం ఈ లోకంలో ఎవరైనా అభ్యంతరం లేదని చెప్పిన కాగితం అదొక్కటే. ఆయన కింద ఇంకో రెండు లైన్లు రాసుకుని, పైవి అలాగే వదిలేశాడు. ఆ కాగితం ఇప్పటికీ ఏదో ఫైల్లో ఉండే ఉంటుంది.

ఎరువు బస్తాలు బయట వేయించి, ఇల్లు కడిగి, ముప్పై రోజులు ఆ ఇంట్లో ఉన్నాను. మూడో రోజు మునిరత్నం ట్రాక్టరులో ఒక రాతి బండ తెచ్చాడు. నాతో మాట్లాడకుండా గడప కింద దించి, కదలకుండా మట్టి కూరి పోయాడు. మోకాలికి దెబ్బ తగిలాక నొప్పి లేకుండా ఆ ఇంట్లోకి అడుగు పెట్టడం నాకు అదే మొదలు.

ఇక మీరు అడగబోయేది నాకు తెలుసు. కనిపించిందా? కనిపించలేదు. అదే నా కోపం. పరాయి ఊరి నుంచి వచ్చిన ఆఫీసరుకు పట్టపగలు నీళ్లిచ్చి మాట్లాడిన మనిషి, నాకు ఒక్క పూట కనిపించలేదు. నేనేమీ భయపడి ముడుచుకుని కూర్చోలేదు. పిలిచాను కూడా. మధ్యాహ్నం పన్నెండు గంటలకు తలుపు తీసి పెట్టి, తిన్నె మీద చెంబుతో నీళ్లు పెట్టి, "అత్తా, రా, మాట్లాడుకుందాం" అని గట్టిగా పిలిచాను. చెంగమ్మ గోడ అవతల నుంచి "పిచ్చిదానా, మూసుకో" అని అరిచింది. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. మా ఇద్దరి గుణాలూ ఒకరు లేనప్పుడే బయటపడ్డాయి అనుకుని నాకు నేనే నవ్వుకున్నాను. ఆ ముప్పై మధ్యాహ్నాలు ఒక్క ఆకు కూడా వింతగా కదలలేదు.

గడువు రోజు సాయంత్రం అయిదుకు గేటు దగ్గర ఉండాలి. నేను పన్నెండుకే పోయి నిలబడ్డాను. ఒక్క గంట ఆలస్యమైతే చాలు, చూశావా ఇలాంటి వాళ్లను వదిలితే ఇంతే అనడానికి వెయ్యి నోళ్లు కాచుకుని ఉంటాయి. వాళ్లకు ఆ ముచ్చట దక్కనివ్వలేదు. ఏడాదిన్నరకు విడుదల జాబితాలో నా పేరు వచ్చింది. చిరునామా అడిగితే అదే ఇల్లు చెప్పాను.

ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉన్నాను. మిషను మీద జాకెట్లు కుడతాను. నాతో పాటు ఇంకో ఇద్దరు ఉన్నారు, జైలు నుంచి వచ్చినవాళ్లే. వాళ్ల కోసం విచారణకు వచ్చిన ఆఫీసర్ల ముందు నేనే సంతకం పెట్టాను. ఊళ్లో కొందరికి ఇది గిట్టదు. హంతకుల ఇల్లు అంటారు, దయ్యాల కొంప అంటారు. అనుకోనీ. దయ్యం ఉందని భయపడైనా రాళ్లు వేయడం మానుకున్నారు. మునిరత్నం ఇప్పటికీ నాతో మాట్లాడడు. వేరుశనక్కాయలు పెరికిన రోజు మాత్రం ఒక గంప తిన్నె మీద పెట్టి పోతాడు.

తిరుపతి నుంచి హేతువాదులమని ఇద్దరు వచ్చారు. ఆఫీసరుకు ఎండదెబ్బ తగిలి ఉంటుందని, గాట్లున్న వేళ్లు ఊళ్లో ఇంకొన్ని ఉంటాయని చెప్పారు. ఉండొచ్చు. వాళ్లకు కాఫీ ఇచ్చి, మోకాలి సంగతి అడిగాను. ఆలోచించి చెబుతామని వెళ్లారు. మళ్లీ రాలేదు. ఆఫీసరుకు బదిలీ అయింది. పోయే ముందు ఒకసారి వచ్చి తిన్నె మీద కూర్చుని, నేనిచ్చిన నీళ్లు తాగి, ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు.

దయ్యాలున్నాయని నేను ఇప్పటికీ నమ్మను. మరి ఆ రోజు తిన్నె మీద కూర్చున్నది ఎవరంటే చెప్పలేను. తాళంచెవి మునిరత్నం మొలతాడుకే ఉండగా ఆ తలుపు ఎలా తెరుచుకుందో తెలియదు. అన్నిటికన్నా తెలియనిది ఇంకొకటి ఉంది. బతికి ఉన్నట్టయితే మా అత్త ఆ వేలిముద్ర వేసేదా? వేసేదని ఒకరోజు అనిపిస్తుంది, వేసేది కాదని ఇంకోరోజు అనిపిస్తుంది. ఆ లెక్క నాకు ఎప్పటికీ తేలదు.

ఒక్కసారి కనిపించినా చాలు. కాళ్లు పట్టుకుంటానని అనుకోకండి. ముందు నోరారా తిడతాను. ఆ రోజు బోనులో ఇంకొక్క మాట చెప్పడానికి నీకు నోరు ఎందుకు రాలేదని అడుగుతాను. చెప్పనీ, చెప్పకపోనీ. తర్వాత చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, పీట వేసి, అన్నం పెడతాను.